బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు

ఉక్కునగరం క్వార్టర్స్ లో చాలా ఇళ్ళల్లో బీరువా పైనో, అటక మీదో ఒక పాత లాప్‌టాప్ ఉంటుంది. కొడుకో కూతురో ఇంజినీరింగ్ లో చేరినప్పుడు కొన్నది. పిల్లలు హైదరాబాదో, బెంగుళూరో, డాలస్సో వెళ్ళిపోయారు. ఆఫీసు వాళ్ళు కొత్తది ఇచ్చారు. పాతది అమ్మానాన్నల దగ్గర మిగిలిపోయింది. పండక్కి ఇంటికెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి పడే మొదటి డ్యూటీ ఏంటంటే, ఈ లాప్‌టాప్‌కీ హాల్లో ఉన్న టీవీకీ పెళ్ళి చెయ్యడం. "కంప్యూటర్లే కదరా నువ్వు చేసేది, ఆ మాత్రం తెలీదా?" అంటారు. మనం రాసేది జావా అనీ, దానికీ ఈ వైర్లకీ చుట్టరికం లేదనీ చెప్పినా ఎవరూ వినరు :)

సాధారణంగా ఈ పెళ్ళి సగమే జరుగుతుంది. బొమ్మ టీవీలో వస్తుంది, మాట మాత్రం లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. ఎందుకిలా అవుతుందో వెతుక్కుంటూ వెళ్తే ఇది ఇవాళ్టి గొడవ కాదనీ, దీనికి నలభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉందనీ అర్థమవుతుంది. ప్రతి తరంలోనూ ఇంజినీర్లు ముందు బొమ్మ సంగతి చూశారు, సౌండ్ సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు. ఆ కథే ఈ టపా. టెక్నికల్ గా కాస్త లోతుకి వెళ్తాను, మన జనాలే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటా.

ఒకే తీగలో ఇద్దరూ

మొదట్లో ఈ సమస్యే లేదు. మన దేశంలో టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1975-76 లో సైట్ అని ఒక ఏడాది ప్రయోగం చేశారు. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 1977 లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982 లో ఏషియన్ గేమ్స్ పుణ్యమా అని రంగులొచ్చాయి. 1983 లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళాక, 1984 లో దేశంలో చిన్న చిన్న ఊళ్ళకి కూడా ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు.

ఈ తేదీల పక్కన మన ఊరి తేదీలు పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమం 1966. ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది 1982 లో, అంటే రంగుల టీవీ వచ్చిన ఏడే. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ "గోదావరి" వెలిగింది 1990 లో. పి.వి.నరసింహారావు గారు ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. అంటే పునాదిరాయి పడ్డాక ఫర్నేసు వెలగడానికి పట్టిన కాలంలో టీవీ మన దేశంలో వింత వస్తువు నుంచి ఇంటి వస్తువు అయిపోయింది. ఉక్కునగరం క్వార్టర్లలోకి సంసారాలు దిగేటప్పటికే సామాన్ల లారీలో టీవీ కూడా ఉండేదన్నమాట.

ఆ టీవీకి వెనక ఉండేది ఒకటే సాకెట్, యాంటెన్నాది. ఆ ఒక్క తీగలోంచే బొమ్మా మాటా రెండూ వచ్చేవి. ఎలాగంటే, మన దేశం తీసుకున్న పాల్-బి పద్ధతిలో ఒక్కో ఛానెల్ వెడల్పు 7 మెగాహెర్ట్జ్. అందులో బొమ్మ ఒక కారియర్ మీద యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్ లో వస్తుంది. దానికి సరిగ్గా 5.5 మెగాహెర్ట్జ్ పైన సౌండ్ ఇంకో కారియర్ మీద ఎఫ్ఎం లో వస్తుంది. ఒకే బండి మీద ముందు మొగుడు, వెనక పెళ్ళాం కూర్చుని వచ్చినట్టు. టీవీలో విడదీసి, బొమ్మని పిక్చర్ ట్యూబ్‌కీ మాటని స్పీకర్‌కీ పంపుతారు. యాంటెన్నా పక్కకి తిరిగితే ఇద్దరూ కలిసే పాడయ్యేవాళ్ళు. డాబా ఎక్కి తిప్పేవాడు ఒకడు, కిందనించి "వచ్చింది... వచ్చింది... పోయింది" అని అరిచేవాడు ఒకడు. ఇది మా ముందు తరం అనుభవం, మేం కథలుగా విన్నాం.

మరి అప్పటి టీవీలకి ఇంకో సాకెట్ ఎందుకు పెట్టలేదు? పిసినారితనం ఒక్కటే కాదు. ఆ రోజుల్లో చాలా సెట్లలో లోపలి చాసిస్ నేరుగా కరెంటు మెయిన్స్ కే తగులుకుని ఉండేది. హాట్ చాసిస్ అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మిగుల్చుకునే పద్ధతి అది. యాంటెన్నా సాకెట్ దగ్గర మాత్రం చిన్న కెపాసిటర్లు పెట్టి మనిషికి షాక్ తగలకుండా చూసుకునేవాళ్ళు. నేరుగా వీడియో, ఆడియో సాకెట్ బయటికి తీస్తే దాన్ని ముట్టుకున్న పిల్లాడి గతి ఏం కావాలి? అందుకని టీవీలోకి ఏది వెళ్ళాలన్నా యాంటెన్నా దారిలోనే, ఒక టీవీ స్టేషన్ వేషం కట్టుకునే వెళ్ళాలి.

మూగ కంప్యూటర్

1980ల మొదట్లో వచ్చిన ఇంటి కంప్యూటర్లు చేసింది సరిగ్గా అదే. విడిగా మానిటర్ కొనే స్తోమత ఎవరికుంటుంది, అందరింట్లో టీవీ ఉంది కదా, దానికే తగిలించండి అన్నారు. కంప్యూటర్లోనే ఒక బుల్లి ట్రాన్స్‌మిటర్ పెట్టారు. ఆర్ఎఫ్ మాడ్యులేటర్ అంటారు. టీవీని ఆ ఛానెల్‌కి ట్యూన్ చేస్తే కంప్యూటర్ బొమ్మ కనబడేది.

కానీ అక్కడే మొదటి విడాకులు జరిగాయి. 1982 లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ చూడండి. బొమ్మ టీవీకి వెళ్ళేది, కుయ్ కుయ్ మనే సౌండ్ మాత్రం కంప్యూటర్ లోపలున్న చిన్న బీపర్‌లోంచి వచ్చేది. బీబీసీ మైక్రో కూడా అంతే, దాని స్పీకర్ దాని పొట్టలోనే. అదే 1982 లో వచ్చిన కమొడోర్ 64 సౌండ్‌ని కూడా టీవీకి పంపింది. అంటే టెక్నాలజీ లేక కాదు. 5.5 మెగాహెర్ట్జ్ పైన ఇంకో చిన్న సర్క్యూట్ పెడితే అయిపోయేది, ఆ ఖర్చు కొందరు పెట్టారు, కొందరు పెట్టలేదు. స్పెక్ట్రమ్ వాళ్ళు కూడా తర్వాత 128 మోడల్లో సౌండ్‌ని టీవీకి పంపించారు.

బీబీసీ మైక్రోకి మన దేశంతో చుట్టరికం ఉంది. 1984 లో కేంద్ర ప్రభుత్వం స్కూళ్ళల్లో కంప్యూటర్ చదువు కోసం క్లాస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. మొదట దాదాపు 250 స్కూళ్ళు. వాటికిచ్చింది కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ డిజైన్ చేసిన ఈ బీబీసీ మైక్రోలే. మన దేశంలో ఒక తరం పిల్లలు మొదటిసారి కీబోర్డు ముట్టుకుంది వీటి మీదే. ఇవాళ రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మన సీనియర్ ఆర్కిటెక్టుల్లో కొందరైనా ఆ బ్యాచ్ వాళ్ళే అయ్యుంటారు.

ఐబీఎం పీసీ సంగతి కూడా అదే. 1981 లో దాని సీజీఏ కార్డు వెనక కాంపోజిట్ వీడియో సాకెట్ ఒకటి ఉండేది, కావాలంటే బొమ్మ బయటికి తీసుకోవచ్చు. సౌండ్ మాత్రం డబ్బాలో ఉన్న పీసీ స్పీకరే. ఆ మెషీన్ల మనవడే మన లాప్‌టాప్. తాత దగ్గర్నుంచే ఆ గుణం వచ్చింది.

పసుపు, ఎరుపు, తెలుపు

టీవీకి వేరే సాకెట్లు రావడానికి కారణం కంప్యూటర్ కాదు, వీసీఆర్. 1976 లో జేవీసీ వాళ్ళ వీహెచ్ఎస్ వచ్చింది. 80ల చివరికి మన దగ్గర పెళ్ళి వీడియోల దగ్గర్నుంచి అద్దె కేసెట్ల దాకా అంతా అదే. ఈలోగా టీవీల లోపల స్విచ్ మోడ్ పవర్ సప్లైలు వచ్చి, చాసిస్‌ని మెయిన్స్ నుంచి విడదీయడం చవకైంది. అప్పుడు ధైర్యంగా సాకెట్లు బయటపెట్టారు. పసుపుది బొమ్మ, ఎరుపూ తెలుపూ కుడి ఎడమ సౌండ్. ఆ సాకెట్ అసలు ఆర్‌సీఏ కంపెనీ వాళ్ళు రేడియోకి గ్రామఫోన్ తగిలించడానికి 1930లలో చేసింది. అంటే పుట్టుకతో అది సౌండ్ సాకెట్, తర్వాత బొమ్మ వచ్చి అద్దెకి దిగింది. చివరికి ఇల్లు ఎవరిదో మనందరికీ తెలుసు :)

ఈ మూడు వైర్ల పద్ధతి అందం ఏమిటంటే, అందులో రహస్యం లేదు. లోపల ఒక సిగ్నల్ తీగ, చుట్టూ ఒక గ్రౌండ్. తెగితే ఏ టీవీ మెకానిక్ అయినా పది నిమిషాల్లో సోల్డర్ చేసి ఇచ్చేస్తాడు. ఎర్ర వైరుని పసుపు సాకెట్లో పెట్టినా ఏమీ పేలదు, బొమ్మ రాదంతే. వీసీఆర్ పోయి వీసీడీ ప్లేయరొచ్చినా, అది పోయి డీవీడీ వచ్చినా, ఆ తర్వాత సెట్‌టాప్ బాక్స్ వచ్చినా ఈ మూడు వైర్లు మారలేదు.

15,625 కీ 31,469 కీ కుదరని జాతకం

ఇక్కడ లాప్‌టాప్ కథలోకి వస్తుంది. 1987 ఏప్రిల్లో ఐబీఎం వాళ్ళు పీఎస్/2 కంప్యూటర్లతో పాటు వీజీఏ తెచ్చారు. 15 పిన్నుల నీలం సాకెట్, అందరికీ తెలిసిందే. అందులో మొదటి సంగతి, సౌండ్ పిన్ను లేదు. మానిటర్‌కి సౌండెందుకు అన్నది అప్పటి ఆలోచన. రెండో సంగతి ఇంకా పెద్దది.

మన పాల్ టీవీలో ఒక ఫ్రేమ్‌కి 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. గుణిస్తే సెకనుకి 15,625 గీతలు. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ బీమ్ ఆ వేగంతో ఎడమ నుంచి కుడికి పరిగెత్తాలి. వీజీఏలో 640x480 బొమ్మకి కనబడనివి కూడా కలిపి 525 గీతలు, సెకనుకి దాదాపు 60 సార్లు. అంటే సుమారు 31,469 గీతలు. దాదాపు రెండింతలు వేగం. పైగా టీవీ బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి గీస్తుంది (ఇంటర్‌లేస్ అంటాం), కంప్యూటర్ అన్నీ వరసగా గీస్తుంది. సి షిఫ్ట్ చేసి వచ్చిన మనిషిని వెంటనే ఎ షిఫ్ట్ కి పంపితే ఎలా ఉంటుందో, వీజీఏ సిగ్నల్‌ని పాత టీవీకి ఇస్తే అలా ఉంటుంది.

అందుకే చెప్పేది, బజార్లో ఒక చివర వీజీఏ, ఇంకో చివర పసుపు ఎరుపు తెలుపు ఉన్న ఉత్త కేబుల్ దొరుకుతుంది, దాన్ని కొనకండి. వైరు గీతల వేగాన్ని మార్చలేదు. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు వీజీఏ పిన్నుల మీదే టీవీ సిగ్నల్ కూడా పంపేవి, వాటి కోసం పుట్టిన కేబుల్ అది. మిగతా వాటికి మధ్యలో కన్వర్టర్ ఉండాల్సిందే. బొమ్మని మెమరీలో పెట్టుకుని, సగం వేగంతో తిరిగి గీసే సర్క్యూట్ అన్నమాట.

(పిడకల వేట ఒకటి: రంగుల పిక్చర్ ట్యూబ్‌లో తెర వెనక ఉండే షాడో మాస్క్, సన్నటి చిల్లులున్న పల్చటి ఉక్కు రేకు. మన ఊరి ఉక్కేమో అని సంబరపడకండి, వైజాగ్ స్టీల్ చేసేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్ లాంటి లాంగ్ ప్రొడక్ట్స్. రేకులు కాదు.)

ఆ కన్వర్టర్ చిప్పుని 1990ల చివర్లో, 2000ల్లో కొన్ని లాప్‌టాప్‌ల్లోనే పెట్టేశారు. బయటికి గుండ్రటి ఎస్-వీడియో సాకెట్ వచ్చింది. 1987 లో ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్‌లతో జనంలోకి వచ్చిన సాకెట్ ఇది. వెలుగునీ రంగునీ రెండు వేరు వేరు తీగల్లో పంపుతుంది కాబట్టి కాంపోజిట్ కంటే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. కానీ ఇందులోనూ సౌండ్ లేదు! లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఇంకో వైరు ఎరుపు తెలుపులోకి లాగాల్సిందే. ఆ హెడ్‌ఫోన్ సాకెట్ వంశం ఇంకా పాతది, 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ప్లగ్గుకి బుల్లి రూపం. ఒక పక్క కొత్త కొత్త బొమ్మ సాకెట్లు తరానికొకటి పుట్టి చచ్చిపోతుంటే, ఆ ముసలి సౌండ్ ప్లగ్గు మాత్రం ప్రతిసారీ ఆదుకుంటూ వచ్చింది.

మధ్య కాలం టీవీలు

2000ల చివర్లో మన ఇళ్ళల్లోకి ఎల్‌సీడీ టీవీలు రావడం మొదలైంది. బీమ్ లేదు, ట్యూబ్ లేదు, ఏ వేగం ఇచ్చినా టీవీయే సర్దుకుంటుంది. అందుకని చాలా సెట్లకి వెనక వీజీఏ సాకెట్ కూడా ఇచ్చారు, పక్కనే 3.5 ఎంఎం సౌండ్ సాకెట్ కూడా. పాత లాప్‌టాప్‌లకి ఇది స్వర్ణయుగం. ఒక వీజీఏ వైరు, ఒక హెడ్‌ఫోన్ వైరు, అయిపోయింది.

చాలామంది గమనించని విషయం ఇంకోటుంది. ఆ కాలపు టీవీల్లో ఆ సౌండ్ సాకెట్ మీద కొన్నిటికి "పీసీ/డీవీఐ ఆడియో" అని రాసుంటుంది. 1999 లో వచ్చిన డీవీఐ బొమ్మని డిజిటల్ గా పంపింది కానీ సౌండ్ మళ్ళీ మర్చిపోయింది. డీవీఐ లాప్‌టాప్‌ని టీవీ హెచ్‌డీఎంఐ సాకెట్‌కి తగిలిస్తే బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. దానికోసం ఆ చిన్న సాకెట్. టీవీ చేసినవాడెవడో మన బాధ తెలిసినవాడు.

ఖాళీ జాగాలో సౌండ్

2002 డిసెంబర్లో హిటాచీ, మత్సుషిత, ఫిలిప్స్, సిలికాన్ ఇమేజ్, సోనీ, థామ్సన్, తోషిబా, ఈ ఏడు కంపెనీలు కలిసి హెచ్‌డీఎంఐ 1.0 విడుదల చేశాయి. బొమ్మా మాటా మళ్ళీ ఒకే తీగలోకి వచ్చాయి. ఎలా పట్టించారన్నది నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం.

పిక్చర్ ట్యూబ్ రోజుల్లో బీమ్ ఒక గీత చివరికెళ్ళి, మళ్ళీ ఎడమ పక్కకి రావడానికి కొంచెం టైమ్ ఇవ్వాలి. ఫ్రేమ్ అయిపోయాక కింద నుంచి పైకి రావడానికి ఇంకాస్త టైమ్. ఆ సమయంలో తెర మీద ఏమీ గీయరు. బ్లాంకింగ్ అంటారు. 80లలోనే ఈ ఖాళీ గీతల్లో టెలిటెక్స్ట్ అక్షరాలు పంపడం ఉంది, ఢిల్లీ దూరదర్శన్ ఇంటెక్స్ట్ అని ఇలాంటిదే నడిపింది. హెచ్‌డీఎంఐ వచ్చేటప్పటికి బీమ్ అనేదే పోతోంది, అయినా ఆ ఖాళీ సమయాన్ని సిగ్నల్లో అలాగే ఉంచారు. అందులో డేటా ఐలాండ్ అనే ముక్కల్లో సౌండ్ ప్యాకెట్లు పెట్టారు. ఎప్పుడో పోయిన ఎలక్ట్రాన్ బీమ్ వెనక్కి నడవడానికి కేటాయించిన సమయంలో ఇవాళ మనం పాటలు వింటున్నామన్నమాట. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ కోసం ఉంచిన పాత ఫీల్డ్‌లో కొత్త డేటా దూర్చడం మనందరం చేసే పనే కదా, వాళ్ళూ అదే చేశారు.

మరి హెచ్‌డీఎంఐ ఉన్న లాప్‌టాప్‌లో కూడా సౌండ్ రాలేదంటారేంటి? ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో టీవీ రెండు వేరు వేరు పరికరాలు. ఒకటి డిస్‌ప్లే, ఇంకోటి సౌండ్ కార్డు. డిస్‌ప్లే దానంతటది మారుతుంది, సౌండ్ ఒక్కోసారి పాత స్పీకర్ దగ్గరే ఆగిపోతుంది. తీగలో కలిసినా సాఫ్ట్‌వేర్‌లో ఇంకా కలవలేదు. ఈసారి తప్పు హార్డ్‌వేర్ వాళ్ళది కాదు, మన కులం వాళ్ళదే :)

తాళం

హెచ్‌డీఎంఐ తో పాటు ఇంకోటి కూడా వచ్చింది, హెచ్‌డీసీపీ. ఇంటెల్ తయారుచేసిన తాళం ఇది. లాప్‌టాప్ టీవీని "నీ దగ్గర తాళంచెవి ఉందా?" అని అడుగుతుంది. లేకపోతే సినిమా స్థానంలో నల్ల తెర. 2010 సెప్టెంబర్లో దీని మాస్టర్ కీ బయటికి పొక్కింది, ఇంటెల్ కూడా అది నిజమేనని ఒప్పుకుంది. అయినా వ్యవస్థ నడుస్తూనే ఉంది. బ్లూ-రే వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, 2010 చివరి తర్వాత తయారయ్యే ప్లేయర్లలో అనలాగ్ సాకెట్ల నుంచి హై డెఫినిషన్ బొమ్మ రాకూడదనీ, 2013 చివరి తర్వాత అసలు అనలాగ్ బొమ్మే ఉండకూడదనీ నియమం పెట్టారు. దీన్ని ముద్దుగా "అనలాగ్ సూర్యాస్తమయం" అన్నారు. 2010 డిసెంబర్లోనే ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శామ్‌సంగ్, ఎల్‌జీ కలిసి 2015 కల్లా వీజీఏని సాగనంపుతామని ప్రకటించాయి.

నేను దొంగ కాపీలని సమర్థించట్లేదు. కానీ ఒక తేడా గమనించండి. పసుపు వైరు ఎవరినీ ఏమీ అడగదు. ఇటు ఏమిస్తే అటు అది చూపిస్తుంది. కొత్త వైరు ముందు గుర్తింపు కార్డు చూపించమంటుంది. డబ్బు కట్టి సినిమా చూసే పెద్దాయనకి నల్ల తెర కనబడితే, దానికి కారణమేంటో చెప్పే నాథుడు ఉండడు. మెకానిక్ ఆ వైరుని సోల్డర్ చేయలేడు, లోపల 19 పిన్నులు. పనితనం పెరిగింది, బాగుచేసుకునే హక్కు తగ్గింది.

ఉక్కునగరంలో ఇది ఎందుకు ముఖ్యం

ఇదంతా వైర్ల పిచ్చి అనుకునేవాళ్ళకి మన ఊరి సంగతి చెప్పాలి.

కేబుల్ డిజిటైజేషన్ రెండో దశ గడువు 2013 మార్చి 31. ఆ జాబితాలో ఉన్న 38 నగరాల్లో విశాఖపట్నం ఒకటి. ఆ రోజు తర్వాత ప్రతి కేబుల్ టీవీకీ సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి. పాత టీవీకి ఉన్న ఒక్కగానొక్క పసుపు ఎరుపు తెలుపు సాకెట్లని ఆ బాక్స్ ఆక్రమించేసింది. లాప్‌టాప్ కోసం ప్రతిసారీ పీకడం, మళ్ళీ పెట్టడం. వైరు వదులైతే అమ్మ సీరియల్ టైముకి బొమ్మ రాదు. ఇక లాప్‌టాప్‌ని ఎవరు ముట్టుకోనిస్తారు? అలా చాలా లాప్‌టాప్‌లు బీరువా పైకెక్కాయి.

అసలు సంగతి ఇంకోటి. ఉక్కునగరం ఒక తరం ఒకేసారి ఉద్యోగంలో చేరి, ఒకేసారి ముసలిదవుతున్న ఊరు. 80ల చివర్లో, 90ల మొదట్లో చేరినవాళ్ళు వరసగా రిటైరవుతూ వచ్చారు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మేస్తామంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణ పథకమూ నడిచింది. ప్లాంటు భవిష్యత్తు ఏమవుతుందన్నది వేరే టపా. క్వార్టర్లు మాత్రం ఖాళీ అవుతున్నాయి. పెద్దవాళ్ళు కూర్మన్నపాలెంలోనో, గాజువాకలోనో, దువ్వాడ వైపో సొంత ఇంట్లోకి మారుతున్నారు. సామాను సర్దేటప్పుడు "ఇదెందుకు, పాత ఇనప్పెట్టె" అని మొదట వదిలేసేది ఆ లాప్‌టాప్‌నే.

అందులో ఏముంటుందో ఒక్కసారి ఆలోచించండి. 2008 కీ 2015 కీ మధ్య కెమెరా ఫోటోలన్నీ దాదాపు అందులోనే ఉంటాయి. అక్క పెళ్ళి వీడియో, అమ్మమ్మ గొంతు, ట్రస్ట్ స్కూలు యాన్యువల్ డే లాంటివి. అప్పట్లో క్లౌడ్ అలవాటు మనకి లేదు. పద్నాలుగు అంగుళాల తెర మీద శుక్లాలు వచ్చిన కళ్ళకి అవి కనబడవు. టీవీలో అయితే కనబడతాయి. పేగుబంధం ఉన్న మనవరాలు వీడియో కాల్లో ఆరంగుళాల ఫోన్ కంటే నలభై అంగుళాల టీవీలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ సౌండ్ ముఖ్యం. వయసుతో పాటు చెవులు మందగించిన మనిషికి బొమ్మ కాస్త మసకగా ఉన్నా పర్లేదు, మాట స్పష్టంగా వినబడాలి. మన ఇంజినీరింగ్ చరిత్ర దీనికి సరిగ్గా తలకిందులుగా నడిచింది.

పండక్కి వెళ్ళేవాళ్ళ కోసం

వాదనలు సరే, పనికొచ్చేది కూడా కొంత చెప్పి ముగిస్తా.

- లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే ఒక్క వైరు చాలు. సౌండ్ రాకపోతే సౌండ్ సెట్టింగ్స్ లో ప్లేబ్యాక్ పరికరంగా టీవీ పేరు ఎంచుకోండి. తొంభై శాతం గొడవ అక్కడే తీరుతుంది అనను గానీ, ముందు చూడాల్సింది మాత్రం అక్కడే.

- వీజీఏ మాత్రమే ఉంటే, టీవీకి కూడా వీజీఏ ఉందేమో వెనక చూడండి. ఉంటే వీజీఏ వైరు, 3.5 ఎంఎం వైరు. లేకపోతే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ కి మార్చే కన్వర్టర్ కావాలి. అది ఉత్త కేబుల్ కాకూడదు, యూఎస్‌బీ పవరూ, సౌండ్ కోసం 3.5 ఎంఎం సాకెట్టూ రెండూ ఉన్నది చూసి తీసుకోండి.

- ఎస్-వీడియో లాప్‌టాప్, పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే రెజల్యూషన్ 640x480 కో, 800x600 కో తగ్గించండి. సౌండ్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఎరుపు తెలుపులోకి.

- స్పీకర్లలో గుయ్యిమని హమ్ వస్తే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. ఛార్జర్ ఎర్త్‌కీ, కేబుల్ టీవీ వైరు గ్రౌండ్‌కీ మధ్య తేడా అన్నమాట.

- పెదాలు కదలకముందే మాట వచ్చేస్తుంటే టీవీలో గేమ్ మోడ్ పెట్టి చూడండి. బొమ్మకి మెరుగులు దిద్దడంలో టీవీ చేసే ఆలస్యం తగ్గుతుంది.

- వీడియో కాల్లో అవతలివాళ్ళకి వాళ్ళ గొంతే మళ్ళీ వినబడుతుంటే, టీవీ సౌండ్‌ని లాప్‌టాప్ మైకు పట్టేస్తోందని అర్థం. టీవీ వాల్యూమ్ తగ్గించి, లాప్‌టాప్‌ని టీవీకి దూరంగా, అమ్మానాన్నలకి దగ్గరగా పెట్టండి.

- విండోస్ 7 కి 2020 జనవరిలో, విండోస్ 10 కి 2025 అక్టోబర్లో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఆ మెషీన్లతో నెట్ లోకి వెళ్ళేబదులు ఒక తేలికపాటి లినక్స్ వేసివ్వండి. ముందు ఫోటోలు రెండు చోట్ల కాపీ తీసుకోవడం మర్చిపోవద్దు.

ఈ వరసలో ఇప్పుడు టైప్-సి వచ్చింది. కరెంటు, డేటా, బొమ్మ, సౌండ్ అన్నీ ఒకే రంధ్రంలో అన్నారు. కానీ అన్ని టైప్-సి లూ బొమ్మ పంపవు, కొన్ని ఛార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే. బయటికి చూస్తే తేడా తెలీదు. వీజీఏ అయితే కనీసం తన ముఖం చూపించేది. ఇరవై ఏళ్ళ తర్వాత ఈనాటి మన లాప్‌టాప్‌ని ఏదో టీవీకి తగిలిద్దామని మన పిల్లలు తంటాలు పడేటప్పుడు, ఏ పోర్టు ఏం చేస్తుందో తెలిసిన మనిషి ఇంట్లో ఒకరైనా ఉండాలి. ఆ మనిషి మనమే అవుతాం. నేనైతే పాత వైర్ల సంచీ పారేయట్లేదు. అందులో ఒక పసుపు-ఎరుపు-తెలుపు వైరు ఉంది, ఇంకా పనిచేస్తోంది.

మీ ఇళ్ళల్లో బీరువా మీద ఏ మోడల్ ఉంది? దాన్ని టీవీకి ఎలా తగిలించారు?